ముట్టుకోనన్న మాట

ఆ కంపెనీలో వీసా పనులు చూసే ఆవిడకి అసలు పేరొకటి ఉంది గానీ, హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా పలికేది కాదు. అందరికీ ఆవిడ ఫైళ్ళమ్మ. ఎవరు ఏ దేశం వెళ్ళాలన్నా ముందు ఆవిడ బల్ల ముందు కూర్చోవాల్సిందే. ఫొటోలో చెవులు రెండూ కనపడాలి, పళ్ళు కనపడకూడదు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలైనా ఆయుష్షుండాలి. అవతలి వాళ్ళ పిలుపు ఉత్తరంలో తేదీలు, టిక్కెట్టు మీద తేదీలు ఒకదాన్నొకటి తన్నుకోకూడదు. ఇవన్నీ ఆవిడకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. పదకొండేళ్ళలో తన చేతి మీదుగా వెళ్ళిన ఫైలు ఒక్కటీ తిరిగి రాలేదని ఆవిడకి కాస్త గర్వం. కాస్తే గానీ, మనిషి చేత ఏ పనైనా చేయించడానికి ఆ కాస్త చాలు.

ఆ సోమవారం పొద్దున్నే ఓనరు పిలిచాడు. అట్టపెట్టెలు మడిచి గమ్ము పెట్టే యంత్రాలు చేస్తారు వాళ్ళు. రెండు నెలల కింద ఒకటి ఓడెక్కించి పై దేశం పంపితే, కొన్నవాళ్ళు అక్కడ బిగించి తిప్పారట. నెమ్మదిగా తిప్పితే బుద్ధిగా మడుస్తోంది, వేగం పెంచగానే మూడో మడత వంకర పోతోంది. నెలాఖరులోగా మనిషిని పంపకపోతే యంత్రాన్నే వెనక్కి పంపేస్తామని వాళ్ళు ఉత్తరం రాశారు. ఆ రోగం కుదర్చగలిగేవాడు కంపెనీ మొత్తానికి ఒక్కడే, చెవి మేస్త్రి. యంత్రం ఒంటికి చెవి ఆనించి, ఏ బేరింగు ఏడుస్తోందో ఏ బెల్టు అలిసిపోయిందో చెప్పేస్తాడు గనక ఆ పేరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిట్టరు. చేరినప్పుడూ ఫిట్టరే, ఇప్పుడూ ఫిట్టరే.

ఫైళ్ళమ్మ ఉన్న మాట చెప్పింది. తొందరగా దొరికేది వ్యాపారం మీద వెళ్ళొచ్చేవాళ్ళకిచ్చే వీసా. దాని మీద వెళ్ళినవాడు మీటింగులో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, చూడొచ్చు, సలహా చెప్పొచ్చు. రెంచీ మాత్రం పట్టకూడదు. పడితే అది పని చేయడం కిందికొస్తుంది, దానికి వేరే అనుమతి కావాలి, అది రావడానికి మూడు నెలలు. పైగా ఫిట్టరు మీటింగుకి వెళ్తున్నాడంటే వీసా ఆఫీసులో నవ్వుతారు.

"అయితే ఫిట్టరని ఎందుకు రాస్తావు? మేనేజరని రాయి" అన్నాడు ఓనరు.

ఆవిడ నసిగింది. కాగితం మీద రాసినంత మాత్రాన ఆయనకి కొమ్ములొస్తాయా అని ఓనరు నవ్వాడు. తనూ నవ్వింది. ఓనరు నవ్వినప్పుడు నవ్వకపోతే బాగుండదు కదా.

మధ్యాహ్నానికల్లా ఉత్తరం తయారైంది. ఫలానా వ్యక్తి మా సర్వీసు విభాగం మేనేజరు, చర్చల నిమిత్తం వస్తున్నారు, యంత్రం మీద స్వయంగా ఏ పనీ చెయ్యరు, ఖర్చులన్నీ మావే. కింద ఓనరు సంతకం, ముద్ర. ఫైలుకి బలంగా ఉంటుందని వంద విజిటింగ్ కార్డులు కూడా కొట్టించింది. పని చేస్తే అంత శుభ్రంగా చేస్తుంది మరి.

మేస్త్రి గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే, ప్యాంటు మరకలు కుర్చీకి అంటుతాయని పాత పేపరు పరుచుకుని కూర్చున్నాడు. ఆవిడ ఉత్తరం ముందు పెట్టింది. ఆయన కూడబలుక్కుంటూ చదివాడు. మేనేజరన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది. వేలు తీశాక అక్కడ నల్లటి ముద్ర మిగిలింది.

"ఇది నిజమేనా తల్లీ?"

దానికి జవాబు ఒక్క ముక్క. కాదు బాబాయ్, ఊరికే వీసా కోసం. అంతే. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నాలుగింటికల్లా ఫైలు కట్టాలి, అవతల ఫోను మోగుతోంది. ఆ రెంటికంటే లోపల, తనకి మాత్రమే తెలిసిన మూల ఇంకో ఆలోచన మెదిలింది. అబద్ధం చెప్పమంటే ఈయన గొంతు పట్టేస్తుంది, చెవులెర్రబడతాయి, వీసా ఆఫీసులో కిటికీ అవతలివాడు ఇట్టే పట్టేస్తాడు. అదే నమ్మాడనుకో, గుక్క తిప్పుకోకుండా చెప్తాడు.

"సంతకం కూడా అయిపోయింది కదా బాబాయ్" అంది.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దాని దరిద్రమే అది. అబద్ధమైతే రేపో ఎల్లుండో దిద్దుకోవచ్చు. ఇలాంటి మాటని ఎక్కడ పట్టుకుని దిద్దుతారు? మేస్త్రి ఉత్తరాన్ని మళ్ళీ పైనుంచి కింది దాకా చదివాడు. లేచి కుర్చీ మీద పేపరు మడత పెట్టి, మరక పడిన ఉత్తరం బదులు ఇంకోటి తీసుకోమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆయన పాడగలడని పదకొండేళ్ళలో ఆవిడకి తెలియనే తెలియదు.

*

మర్నాటి నుంచి మేస్త్రి ఖాకీ చొక్కా మానేశాడు. తెల్ల చొక్కా టక్కు చేసుకుని వచ్చాడు. వీసా అయ్యేదాకా ఈయనకి గ్రీజు పని చెప్పకండి, గోళ్ళలో నలుపు పోవాలి అని ఓనరే షెడ్డులో చెప్పించాడు గనక ఆ వేషం చూసి ఎవరికీ అనుమానం రాలేదు. మేనేజరు గారూ, టీ తాగుతారా, మేనేజరు గారూ, మా మీద దయ ఉంచండి అని కుర్రకారంతా ఆట పట్టించారు. ఆయన నవ్వుతూ అందరికీ టీ చెప్పాడు. మధ్యాహ్నం తన రెంచీల పెట్టె తెరిచి ఒక్కొక్కటే పంచడం మొదలుపెట్టాడు. పదిహేడో నంబరుది నీకు, నీది ఎలాగూ అరిగింది. పొడుగు స్క్రూడ్రైవరు వెల్డరుకి. పిడికి తీగ చుట్టిన సుత్తి మాత్రం రెండుసార్లు చేతిలో తిప్పి చూసి, జాగ్రత్త అని చెప్పి లేతు మిషను మనిషికి ఇచ్చాడు.

ఫైళ్ళమ్మ మేడ మీది అద్దంలోంచి ఇదంతా చూసింది. ఇప్పుడు దిగి వెళ్ళి చెప్తే? గురువారం వీసా ఇంటర్వ్యూ. గురువారం అయ్యాక చెప్తాను అనుకుంది. చేదు మందు రేపు తాగుతానన్న పిల్లలాగే అనుకుంది, కాకపోతే ఆవిడకి ముప్ఫై ఏడేళ్ళు.

రోజూ సాయంత్రం అరగంట ప్రశ్నలు చెప్పించేది. మొదటి రోజు, మీరక్కడ ఏం చేస్తారు అని అడిగితే, అన్నీ చేస్తానండి అన్నాడు. ఆవిడ తల పట్టుకుంది. రెండో రోజు, చేయిస్తానండి అన్నాడు. మూడో రోజుకి ఆ మాట వెనక నిండు మేనేజరొకడు వచ్చి నిలబడ్డాడు. వాళ్ళ ఇంజినీర్లతో కూర్చుని, మూడో మడత ఎందుకు వంకర పోతోందో చెప్పి, ఏం చెయ్యాలో చూపిస్తాను, చేసేది వాళ్ళే అని నిదానంగా చెప్పాడు. ఇది నేర్పితే వచ్చేది కాదని ఆవిడకి తెలిసింది. సంతోషించాల్సింది పోయి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

గురువారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. లోపలికి ఆయన్నొక్కణ్ణే పంపారు. ఆవిడ బయట గోడవార బెంచీ మీద గంటన్నర కూర్చుంది. ఆయన బయటికొచ్చేసరికి చొక్కా వెనక భాగం చెమటకి అంటుకుపోయి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఎదురుగా బండి దగ్గర టీ తాగుతూ జరిగిందంతా చెప్పాడు.

ముందు వేలిముద్రలు పడలేదట. గాజు మీద వేళ్ళు పెట్టమన్నారు, పెట్టాడు. యంత్రం ఒప్పుకోలేదు. తుడుచుకుని మళ్ళీ పెట్టాడు, ఒప్పుకోలేదు. మూడోసారి అక్కడమ్మాయి ఆయన వేలు పట్టుకుని లైటు కింద చూసి, గీతలేవీ, అరిగిపోయాయే అందట. ఆ మాట విని కిటికీ దగ్గరి అధికారి ఆయన చేతులకేసీ కార్డుకేసీ మార్చి మార్చి చూశాడు. మేనేజరు చేతులు ఇలా ఉంటాయా అని అడిగాడు.

ఫైళ్ళమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఈ ప్రశ్న తను చెప్పించలేదు.

"నేనేమన్నానో తెలుసా తల్లీ? ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టర్నండీ, పోయిన సోమవారమే మేనేజర్ని చేశారు, వేళ్ళకింకా ఆ సంగతి తెలీదు అన్నాను. ఆయన నవ్వాడమ్మా. అక్కడికెళ్ళాక యంత్రాన్ని ముట్టుకుంటారా అనడిగాడు. ముట్టుకోనండీ, నాకిప్పుడా పని లేదు అన్నాను. అంతే, వెళ్ళమన్నాడు."

చెప్పి, తన వేళ్ళు తనే చూసుకుని మురిసిపోయాడు. ఆవిడ టీ సగంలో వదిలేసింది. గురువారం అయ్యాక చెప్తాననుకుంది కదా, గురువారం అయింది. పాస్‌పోర్టు మీద వీసా పడనీ, పడకపోతే అసలు చెప్పే పనే ఉండదు అనుకుంది. వీసా రాకూడదని కోరుకోవడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదటిసారి.

అది వారానికి, మళ్ళీ గురువారం, ముచ్చటగా అచ్చేసుకుని వచ్చింది. ప్రయాణం ఆదివారం.

*

శుక్రవారం భోజనాల వేళ మేస్త్రి భార్య వచ్చింది. ఆవిడ ఓ బడిలో ఆయా. మూడంతస్తుల బడి. బిందెలూ బకెట్లూ మోస్తూ, పడిపోయిన పిల్లల్ని ఎత్తుకుంటూ రోజుకి ఎన్నిసార్లు ఎక్కిదిగుతుందో ఆవిడకే తెలీదు. మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. ఫైళ్ళమ్మ బల్ల దాకా రావడానికే రెయిలింగు పట్టుకుని, రెండుచోట్ల ఆగి, నవ్వుకుంటూ వచ్చింది.

"నీకో మాట చెప్పి పోదామని వచ్చానమ్మా" అంది కూర్చుని. తను మేనేజరయ్యాక కూడా నీకీ మెట్లెందుకు అని ఆయన వారం రోజులుగా పోరుతున్నాడట. రాజీనామా ఇచ్చేసింది. రేపే ఆఖరి రోజు. పంతులమ్మలంతా పదకొండున్నరకి చిన్న సభలాంటిది పెడతామన్నారు. తన చోటికి ఇంకొకావిణ్ణి మాట్లాడేశారు, సోమవారం నుంచి వస్తుందట. "ఇదంతా నీ చేతి చలవేనటమ్మా. నువ్వే రాశావట కదా కాగితం. ఆయన రోజూ చెప్తాడు."

ఫైళ్ళమ్మ ఠక్కున లేచింది. మంచినీళ్ళు తాగుతారా పిన్నీ అంది. ఇప్పుడే తాగానన్నా వినకుండా తెచ్చి ఇచ్చింది. దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపింది. ఆవిడ వెళ్ళిపోయాక, ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగడం కిటికీలోంచి చూసింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని తల్లి అంటుండేది. ఇక్కడ అడుసు తొక్కింది తను, కాళ్ళు విరగ్గొట్టుకునేది ఇంకొకళ్ళు.

తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్ళింది. ఉన్నదున్నట్టు చెప్పి, నిజంగానే మేనేజర్ని చేసెయ్యండి సార్, ఆయనకి తగినదే కదా అంది. అంత ధైర్యంగా ఆ గదిలో ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. ఓనరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, అంత తేలిగ్గా అయ్యే పని కాదు, ఆయన్ని చేస్తే వెనక ఇంకో నలుగురు తయారవుతారు, తిరిగొచ్చాక చూద్దాం అన్నాడు. వెళ్ళబోతుంటే పిలిచాడు.

"ఇప్పుడే చెప్పకు. మనసు పాడైతే చెయ్యి నిలవదు. అక్కడ పని చెడుతుంది."

సాయంత్రం ఇంట్లో మొగుడితో అంటే, నువ్వు రాయమన్నది రాశావు, నమ్మమన్నావా అని ఆయన తేల్చేశాడు. ఆ మాట పట్టుకుని నిలబడదామని ఆవిడ చాలా ప్రయత్నించింది. అన్నం కలుపుతూ కూడా ప్రయత్నించింది. నమ్మమనలేదు, నిజమే. నమ్ముతున్నాడని తెలిసి, నమ్మితే నాకు పనికొస్తాడని వదిలేశాను. దీన్నేమంటారో మొగుణ్ణి అడగలేదు, తనకే తెలుసు.

*

శనివారం పది దాటాక షెడ్డులోకి దిగింది. మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు. ఎదురుగా ఒక యంత్రం తిరుగుతోంది. ఆవిణ్ణి చూసి, వినమ్మా, రెండో రోలరు కొంచెం గొణుగుతోంది, సాయంత్రానికి వీళ్ళ చేత చూపించాలి అన్నాడు.

ఆవిడ నిలబడే చెప్పింది. ఎటూ చూడకుండా గడగడా అప్పజెప్పినట్టు చెప్పింది. మేనేజరు అనేది వీసా కోసమే బాబాయ్. నిజంగా చెయ్యలేదు. నిన్న అడిగాను, చెయ్యరట.

మేస్త్రి యంత్రం వైపే చూస్తున్నాడు. చెవులెర్రబడ్డాయి.

"ఆ రోజు నిన్నడిగానమ్మా."

"అడిగారు బాబాయ్."

"సంతకం అయిపోయిందన్నావు."

ఆవిడ తలూపింది. ఇంకా ఉంది, అదీ చెప్పెయ్యాలి. చెప్పింది. అక్కడ రెంచీ పట్టుకుంటే నేరం, పట్టుబడితే వెనక్కి పంపేస్తారు, ఏళ్ళ తరబడి మళ్ళీ రానివ్వరు. ఆ మచ్చ ఆయన పాస్‌పోర్టు మీదే ఉంటుంది.

"కంపెనీకేం కాదా?"

"కంపెనీ పొరపాటు జరిగిందని ఉత్తరం రాస్తుంది బాబాయ్. అది కూడా నేనే రాస్తాను."

ఆ మాటకి ఆయన మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. కోపం లేదు. ఎప్పుడూ చూసే యంత్రంలో, ఎన్నడూ లేని చోట పగులు కనపడితే ఎలా చూస్తాడో అలా చూశాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. తిట్టండి బాబాయ్ అంది.

"తిడితే నీకు తేలికవుతుందమ్మా" అన్నాడు. గోడ గడియారం చూశాడు. పదీ యాభై. "గేటు పాసు రాసివ్వు. ఆవిడకి పదకొండున్నరకి సభ."

పాసు రాస్తుంటే వేళ తప్పు పడింది. కొట్టేసి మళ్ళీ రాసింది. ఆయన తెల్ల చొక్కాతో గేటు దాటి, బస్సు కోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయాడు.

రెండింటికి తిరిగొచ్చాడు. అడిగే మొహం లేక ఆవిడ అక్కడక్కడే తిరుగుతుంటే, తనే నాలుగు ముక్కల్లో చెప్పాడు. వెళ్ళేసరికి సభ అయిపోయింది. ముందుగానే మొదలుపెట్టేశారట. పంతులమ్మలు తలా ఇంత వేసుకుని గోడ గడియారం ఇచ్చారు. హెడ్మిస్ట్రెస్ మంచిది, రాజీనామా కాగితం వెనక్కిచ్చేసింది. సోమవారం రావాల్సిన ఆవిడకి రావద్దని కబురు పంపారు. "మా ఆవిడేమీ అనలేదు. గడియారం తిరిగిచ్చెయ్యాలా అనడిగిందంతే."

సోమవారం రావాల్సిన ఆ ముక్కూమొహం తెలీని ఇంకొకావిడ ఫైళ్ళమ్మ మనసులోకి వచ్చి కూర్చుంది. ఒక్క మాట దాచితే ఇన్ని గుమ్మాలు తొక్కి వస్తుందా అనిపించింది.

మేస్త్రి ఖాకీ చొక్కా వేసుకున్నాడు. షెడ్డంతా తిరిగి రెంచీలు అడిగి తీసుకున్నాడు. ఎవరూ మేనేజరు గారూ అనలేదు, ఎందుకు అడుగుతున్నావనీ అనలేదు. లేతు మనిషి సుత్తిని తుడిచి మరీ ఇచ్చాడు. ఆయన అన్నీ పెట్టెలో సర్ది తాళం వేసి, తాళంచెవి ఫైళ్ళమ్మ బల్ల మీద పెట్టి, ప్రయాణం కాగితాలు ఇవ్వమన్నాడు.

వెళ్తారా బాబాయ్ అని ఆవిడ అడిగింది. వెళ్తానన్నాడు. పెట్టె మాత్రం తీసుకెళ్ళలేదు. అక్కడి పనిముట్లతో చేస్తాడు కాబోలు అనుకుంది ఆవిడ. దొంగచాటుగా చేయబోతున్నాడనీ, దొరికిపోతాడనీ ఆదివారమంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది.

*

మంగళవారం పదకొండింటికి, ఆ ఫైలు పట్రా అని ఓనరు గదిలోంచి కేక వినపడింది. ఆవిడ వెళ్ళేసరికి బల్ల మీద ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. ఓనరు మొహం కందగడ్డలా ఉంది. అవతల మేస్త్రి గొంతు, వెనక యంత్రం చప్పుడు.

"కుర్చీ వేసుకుని కూర్చున్నావటగా? వాళ్ళు మెయిలు పెట్టారు, మీ మేనేజరు చెయ్యి కదపడం లేదని" అన్నాడు ఓనరు.

అవును సార్, అన్నాడు మేస్త్రి మామూలుగా. తప్పు మూడో మడతలో లేదట, దాని ముందరి రోలరు ఓడలో వచ్చేటప్పుడు వెంట్రుక వాసి పక్కకి జరిగిందట. వాళ్ళ మనుషులు ఇద్దరున్నారు, తను చెప్తున్నాడు, వాళ్ళు విప్పి బిగిస్తున్నారు. ఎల్లుండికి అయిపోతుంది.

"నువ్వు చేస్తే రెండు గంటల పని."

"అవును సార్. నేను చేస్తే రెండు గంటలే."

ఓనరు గొంతు తగ్గించి బుజ్జగించాడు. అక్కడెవరు చూస్తారు, వాళ్ళని భోజనానికి పంపి చేసెయ్యి. ఇలా ప్రతి మరా విప్పి చూపిస్తే వాళ్ళు నేర్చేసుకుంటారు, రేపు మనల్నెందుకు పిలుస్తారు? మేస్త్రి అంతా విన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, పూర్తిగా విని గానీ మాట్లాడడు.

"వీసా ఆఫీసులో నన్నడిగారు సార్, యంత్రాన్ని ముట్టుకుంటావా అని. ముట్టుకోనన్నాను. ఆ రోజు నిజమనుకునే అన్నాను. ఇప్పుడు ముట్టుకుంటే ఆ మాట అబద్ధమైపోతుంది. మీ కాగితాల సంగతి నాకు తెలీదు. అందులో నాదంటూ ఉన్నది ఆ ఒక్క మాటే."

ఫైళ్ళమ్మ ఫైలుని గుండెలకి అదుముకుని నిలబడింది. అంత పెద్ద ఫైల్లో, తను పేజీలకి నంబర్లు వేసి, ముద్రలు కొట్టించి, దారం కట్టిన ఆ ఫైల్లో, నిజమైనది ఆయన నోటి మాట ఒక్కటేనని ఆవిడకి ఒళ్ళంతా తెలిసింది.

"నిజమనుకున్నావా?" అన్నాడు ఓనరు. "మరి కాదని ఎవరు చెప్పారు?"

మేస్త్రి అన్నాడు. "ఎవరూ చెప్పలేదు సార్. నాకే తెలిసింది."

తేలికైపోవాల్సింది ఆవిడకి. గండం గడిచింది, ఊపిరి పీల్చుకుని బయటికి నడిస్తే చాలు. వారం కిందటైతే నడిచేదే. అబద్ధం చెప్తే గొంతు పట్టేస్తుందని ఏ మనిషి గురించి తను అనుకుందో, ఆ మనిషి ఇవాళ తన కోసం గుక్క తిప్పుకోకుండా అబద్ధం చెప్పాడు. దాన్ని మోయడం ఆవిడ వల్ల కాలేదు.

"నేనే చెప్పాను సార్" అంది. గొంతు పీలగా వచ్చింది గానీ వచ్చింది. "వెళ్ళేముందు చెప్పాను. మొదటి రోజే చెప్పాల్సింది."

ఓనరు ఆవిడకేసి చూశాడు. నీ సంగతి తర్వాత తేలుస్తానన్న చూపు అది. ఆయన నోరు తెరిచేలోగా ఫోన్లోంచి పిలుపు వచ్చింది.

"తల్లీ, నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్నాను బాబాయ్."

"మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది. ఇక్కడ నా ఫోను కలవడం లేదు, ఇది వీళ్ళ ఆఫీసుది. కాస్త చేసి చెప్పమ్మా, మీటింగులో ఉన్నాడని." తనే మళ్ళీ అన్నాడు. "అబద్ధం కాదులే. మీటింగులోనే ఉన్నాను."

ఫోను ఆగిపోయింది. ఓనరు ఏదో అంటున్నాడు. ఫైలు ఆయన బల్ల మీద పెట్టి, చెప్పి వస్తాను సార్ అని ఆవిడ బయటికొచ్చింది. వసారాలో నిలబడి నంబరు కలిపింది. చాలాసేపటికి ఎత్తారు. వెనక పిల్లల గోల, ఎక్కడో బకెట్టు గోడకి తగిలిన చప్పుడు.

"పిన్నీ, నేను. బాబాయ్ మాట్లాడారు. బాగానే ఉన్నారు. మీటింగులో ఉన్నానని చెప్పమన్నారు."

అవతల ఊపిరి ఆయాసంగా వినపడింది.

"అలాగేనమ్మా. మెట్లెక్కుతున్నాను, పైకెళ్ళాక మాట్లాడతాను."

ఫోను కట్టెయ్యడం మరిచిపోయి నడుముకి దోపుకున్నట్టుంది. గాజుల చప్పుడు, నీళ్ళు తొణికిన చప్పుడు, మెట్టుకో చిన్న మూలుగు. ఫైళ్ళమ్మ ఫోను పెట్టెయ్యబోయి, పెట్టెయ్యలేకపోయింది. మూడో అంతస్తు దాకా వింది.